నాలుగు గోడలు, నడిమి పెట్టె

ధర్మపురి
12-6-1988, ఆదివారం

ఈరోజు అయిన పనులు: ఇడ్లీ పిండి రుబ్బడం, రెండు తట్టల చింతపండుకు గింజ తీయడం, తొమ్మిది బిందెల నీళ్ళు పట్టడం, అత్త చెవిలో నూనె చుక్కలు వేయడం. మిగిలిన పని ఒకటే, మీతో తగువు.

బెంగళూరు స్పీకరు పెట్టెల అంగడి ఆంజనప్ప అన్నకు పంచవర్ణం నమస్కారం.

పోయిన నెల మా ఆయన రంగనాథన్ మీ అంగడికి వచ్చి ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు తెచ్చినాడు. టీవీ, వీసీఆర్ మాకు ముందే ఉన్నాయి. వీటికి మీ పెట్టెలు తగిలిస్తే ఇల్లే థియేటరు అవుతుందని మీరు చెప్పినారట. అయింది. కానీ సగమే అయింది.

శనివారం మధ్యాహ్నం మా వీధి ఆడవాళ్ళు పద్దెనిమిది మంది మా హాలులో కూర్చుని సినిమా చూస్తారు. బయట టాకీసుకు పోవడానికి వాళ్ళలో చాలామందికి తీరిక ఉండదు, తీరిక ఉంటే ఇంట్లో ఒప్పుకోరు. వారానికి ఈ మూడు గంటలే వాళ్ళవి. ఎడమ పెట్టె బీరువా పక్కన, కుడి పెట్టె దేవుడి గూటి పక్కన పెట్టినాము. నిన్న సినిమా నడుస్తుండగా అందరినీ కళ్ళు మూసుకోమన్నాను. హీరో తల్లి మాట ఎక్కడినుంచి వస్తుందో వేలు పెట్టి చూపమన్నాను. లెక్క ఇది: బీరువా వైపు ఏడుగురు, దేవుడి గూటి వైపు ఏడుగురు, టీవీ వైపు నలుగురే. ఆ నలుగురూ సరిగ్గా నడిమిలో కూర్చున్నవాళ్ళు. తక్కినవాళ్ళకు హీరో తల్లి బీరువాలోంచి ఏడుస్తుంది. విలన్ దేవుడి గూట్లోంచి నవ్వుతాడు. మొన్న ఒకామె అలవాటుగా చెంపలు వేసుకుంది కూడా.

కాబట్టి టీవీ కింద పెట్టడానికి నడిమి పెట్టె ఒకటి కావాలి. మాటలు దానిలోంచి రావాలి.

తొందర ఎందుకో కూడా చెబుతాను. ఎదురింట్లో ఉండే మా ఆడబిడ్డ శివగామి, మా హాలులో మాట సరిగా వినబడదు, సినిమా మా ఇంటికి మార్చండి అని అందరికీ చెబుతోంది. ఆడి నెల పద్దెనిమిదో నాటి పండగకు, అంటే ఆగస్టు రెండున, అందరూ కూడి తేల్చుకుంటారు. శివగామి మొగుడు పగలంతా వాకిట్లోనే స్నేహితులతో పేకాడుతూ ఉంటాడు. ఆ వాకిలి దాటి పోవడానికి పద్దెనిమిది మందిలో పది మందిని ఇంట్లో పంపరు. ఆ పది మంది మూడు గంటలూ పోతాయి.

ఇట్లు,
పంచవర్ణం

తా.క. నాకు తెలుగు మాటే వచ్చు, రాత రాదు. బళ్ళో చదివింది తమిళం. అందుకే తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాస్తున్నాను. తెలుగువాళ్ళే కదా, చదువుకుంటారని ధైర్యం.


బెంగళూరు
18-6-1988

చెల్లెమ్మ పంచవర్ణమ్మకు ఆంజనప్ప ఆశీర్వాదం.

నేను ములబాగల్ వైపు తెలుగువాణ్ణి, చదివింది కన్నడం. మీ తమిళ అక్షరాలు నాకు ఈగలు వాలినట్టు కనబడినాయి. అదృష్టం బాగుండి మా అంగడిలో చిన్నతంబి ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా నా దగ్గర తీగలు అతికే పని. తమిళుడు, తెలుగు రాదు. అయినా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు, నేను విని అర్థం చేసుకుంటాను. ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు తమిళ అక్షరాల్లో దించుతున్నాడు కూడా.

ఇక పెట్టె సంగతి. మనిషికి చెవులు రెండు. పెట్టెలు రెండు. లెక్క సరిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, నడిమి పెట్టె అడిగినవాళ్ళు మీరే మొదలు. రెండు పెట్టెలనూ సరైన దూరంలో పెడితే నడిమిలో ఎవరూ లేకపోయినా అక్కడినుంచే మాట వస్తుంది. అదే ఇందులో గొప్ప. నా అంగడిలో రోజూ వింటున్నాను.

మీకు అట్లా వినబడలేదంటే తప్పు పెట్టెలది కాదు, మీ ఇంటిది. మీ ఇల్లు ఎట్లాంటిది, లోపల ఏమేమి ఉన్నాయి, మాటకు ఏది అడ్డం వస్తోంది, దాచకుండా రాయండి. ఉపాయం నేను చెబుతాను.

ఇట్లు,
ఆంజనప్ప

తా.క. మూడు చెవులున్నవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే రాయండి. మూడో పెట్టె ఊరికే పంపుతాను.


ధర్మపురి
24-6-1988, శుక్రవారం

ఈరోజు పనులు: ఇల్లు కడగడం, గడపలకు పసుపు, కందిపప్పు ఎండబెట్టడం. అనుకోని పని ఒకటి, టీవీకి వేపాకు కట్టడం.

ఆంజనప్ప అన్నకు నమస్కారం.

వేపాకు మీవల్లే. మీ ఉత్తరాన్ని మా అత్త మునియమ్మకు చదివి వినిపించినాను. ఆమెకు కుడి చెవి వినబడదు, ఎడమది మాత్రం పక్కింటి మాట కూడా పట్టుకుంటుంది. "నడిమిలో ఎవరూ లేకపోయినా మాట వస్తుంది" అన్నచోట లేచి నిలబడింది. "ఆ అంగడివాడు దయ్యాన్ని కట్టి పంపినాడు" అని తీర్మానించి, నాచేత వేపాకు కట్టించింది.

చెవుల లెక్క మీరు తప్పు వేసినారు. మా హాలులో చూసేవాళ్ళు పద్దెనిమిది మంది, అత్తతో కలిపి. చెవులు ముప్పై ఆరు, పనిచేసేవి ముప్పై ఐదు. వాటిలో మీ రెండు పెట్టెలు సరిపోయింది ఎనిమిదింటికి.

దాచకుండా రాయమన్నారు, రాస్తున్నాను. మా ఇంటికి గోడలు నాలుగు. నాలుగూ గట్టివి. ఒక మాట అంటే రెండు మాటలై తిరిగొస్తుంది. తూర్పుది కాస్త నయం. పడమరది మధ్యాహ్నానికి మండిపోతుంది, దగ్గరికి పోలేము. దక్షిణంది వంటింటి పొగకు నల్లబడింది. ఉత్తరంది వాన పడితే చాలు, ఏడుస్తుంది. పోయిన పండగకు నాలుగింటికీ నేనే దగ్గరుండి సున్నం కొట్టించినాను. ఏమీ మారలేదు.

శివగామి గోడలు అట్లా కాదు. మట్టివి, మెత్తన. ఎంత గట్టిగా అరిచినా లోపలే మింగుకుంటాయి. అందుకే ఆమెకు అంత పొగరు.

తప్పు గోడలదే అని మీరంటే చెప్పండి. గోడలకు మేకులు కొట్టి గోనెసంచులు వేలాడగడతాను. రెండు డజన్ల మేకులు ఇంట్లోనే ఉన్నాయి. అప్పుడు ఒక్క మాట కూడా తిరిగి రాదు. కానీ నడిమి పెట్టె మాత్రం పంపండి.

ఇట్లు,
పంచవర్ణం

తా.క. ఉత్తరందాన్ని పడగొట్టేద్దామని మా ఆయనకు ఆశ. నేనే వద్దన్నాను. నాకేమీ దానిమీద ప్రేమ కాదు, ఇల్లు కూలుతుందని.


బెంగళూరు
30-6-1988

ధర్మపురి శ్రీమతి పంచవర్ణం గారికి,

మీ ఉత్తరాన్ని చిన్నతంబిచేత మూడుసార్లు చదివించినాను. మూడుసార్లూ అదే వచ్చింది.

నేను అడిగింది పెట్టెల సంగతి. మీరు మీ కోడళ్ళ సంగతి ఎత్తినారు. ఎత్తినాక నేను నోరు మూసుకుని ఉండలేను. నలుగురు కోడళ్ళున్న ఇల్లు! ఆ ఇంటిని మోసేది ఎవరండీ? వాళ్ళే కదా. కప్పు కింద మీరు నిశ్చింతగా ఉన్నారంటే అది వాళ్ళు నిలబడబట్టే. అట్లాంటి కోడళ్ళను "అది", "ఇది" అని రాయడానికి మీకు చెయ్యి ఎట్లా వచ్చింది?

ఉత్తరం వైపు కోడలు ఏడుస్తుందని రాసినారు. ఎందుకు ఏడుస్తుందో ఒక్క పూట పక్కన కూర్చుని చూసినారా? కారణం పైన ఎక్కడో ఉంటుంది. పైన ఉన్నదాన్ని సరిచేయకుండా కింద ఏడుపును తిట్టి ఏం లాభం? దక్షిణం కోడలు నల్లబడిందంటే ఆ పొగలో ఎన్నేళ్ళు నిలబెట్టినారో! సున్నం కొట్టించడం ఏమిటి? నేను ఎక్కడా వినలేదు.

నాకూ ఇద్దరు కోడళ్ళు ఉన్నారు. ఇంతవరకు ఒక్క గీత పడనివ్వలేదు. పండగ వస్తే ఇద్దరికీ పట్టుచీర కట్టిస్తాను. అంతే, ఒక్క మాట తిరిగి రాదు. మీరూ అదే చేయండి.

మేకు అన్న మాట మళ్ళీ నా చెవిన పడకూడదు. మీ కోడళ్ళ సంగతి సరిపడేదాకా నడిమి పెట్టె కాదు కదా, దాని తీగ కూడా పంపను.

ఇట్లు,
ఆంజనప్ప

తా.క. పడగొట్టాలని మీ ఆయనకు ఆశ ఉందా? మా అంగడికి వచ్చినప్పుడు ఎంత మెత్తగా మాట్లాడినాడు! కాఫీ కూడా తెప్పించి ఇచ్చినాను.


ధర్మపురి
8-7-1988, శుక్రవారం

ఈరోజు పనులు: కాలువ గొట్టం బాగుచేయించడం, నాలుగు పట్టుచీరలు ఎండలో ఆరవేయడం, మామిడికాయ ముక్కలు ఉప్పులో వేయడం, మా ఆయనకు సమాధానం చెప్పడం.

గౌరవనీయులైన ఆంజనప్ప అన్నకు నమస్కారం.

మీ ఉత్తరం చదివి నాకు సిగ్గు వేసింది. ఇంటి గోడలమీద ఇంత మర్యాద ఉన్న మగమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మీ వైపు గోడలను "గోడళ్ళు" అంటారని, వాటిని "వాళ్ళు" అని పిలుస్తారని కూడా ఇప్పుడే తెలిసింది. మా ఆయనకు చదివి వినిపిస్తే, "పెట్టెలు చేసే మనిషి కదా, చెక్కతోనూ గోడతోనూ మాట్లాడే అలవాటు ఉంటుంది" అన్నాడు.

మీరు చెప్పింది చెప్పినట్టు చేసినాను. మొన్న వాన పడినప్పుడు ఉత్తరం గోడ పక్కన పీట వేసుకుని ఒక పూట కూర్చున్నాను. మీరన్నట్టే కారణం పైనే ఉంది. మిద్దె మీది కాలువ గొట్టంలో కాకిగూడు. తీయించినాను. ఏడుపు ఆగింది. బెంగళూరులో కూర్చుని మా మిద్దె మీది కాకిగూడును ఎట్లా కనిపెట్టినారో నాకు అర్థం కాలేదు.

మేకులు కొట్టలేదు. కడ్డీలు వేసి నాలుగింటికీ పట్టుచీరలు కట్టినాను. తూర్పుదానికి నా పెళ్ళిచీర, పడమరదానికి అత్త చీర, తక్కిన రెంటికీ పండగ చీరలు. మీరు చెప్పిన మందు పనిచేసింది, మాట తిరిగి రావడం తగ్గింది. మా ఆయన మాత్రం పెళ్ళిచీర చూసి, "నువ్వు కట్టి పదేళ్ళయింది, దానికి బాగానే కుదిరింది" అన్నాడు.

తర్వాత మళ్ళీ అందరి కళ్ళు మూయించి వేళ్ళు చూపమన్నాను. బీరువా వైపు ఏడుగురు. దేవుడి గూటి వైపు ఏడుగురు. టీవీ వైపు నలుగురు. ఒక్క వేలు కూడా మారలేదు. అంటే తప్పు గోడలది కాదు, పెట్టెలదే. గోడల సంగతి సరిపడితే పెట్టె పంపుతానని మీరు ఉత్తరంలో రాసినారు. సరిపడింది. పంపండి. ఆడి పద్దెనిమిదికి నాలుగు వారాలు కూడా లేవు.

ఇట్లు,
పంచవర్ణం

తా.క. మీకు రెండే గోడలని రాసినారు. తక్కిన రెండు వైపులా ఏముంది? వాన వస్తే ఎట్లా?

ఇంకొక తా.క. మాసిపోతాయని ఆదివారం పొద్దున్నే నాలుగింటికీ చీరలు విప్పి మడిచి పెట్టేస్తాను. గోడలకు వారానికి ఒక్క పూట చాలు కదా?


బెంగళూరు
16-7-1988

పంచవర్ణం గారికి,

ఆదివారం పొద్దున్నే విప్పేస్తారా? వారానికి ఒక్క పూటేనా? ఇది రాస్తున్నప్పుడు చిన్నతంబి చెయ్యి కూడా వణుకుతోంది. నవ్వు ఆపుకుంటున్నట్టు మొహం పెట్టినాడు కానీ అది బాధే అయి ఉంటుంది, పెద్దమనిషి.

ఇక ఉత్తరాలు చాలు. శనివారం 23వ తేదీ మధ్యాహ్నానికి నేను, నా భార్య మీ ఇంటికి వస్తున్నాము. మీ నలుగురు కోడళ్ళనూ నాకు చూపించండి. నా కళ్ళతో చూసినాక మాట్లాడుకుందాం. నేను పోలీసును కాను, పెట్టెలు చేసేవాణ్ణి. కానీ చేయి పెట్టిన పని సగంలో వదిలేవాణ్ణి కాను.

ఆంజనప్ప

తా.క. ఈ ప్రయాణానికి నాకంటే చిన్నతంబికే తొందర ఎక్కువగా ఉంది. బస్సు వేళలు కనుక్కొచ్చినాడు. నాతో తీసుకుపొమ్మని ఒక స్పీకరు పెట్టెను కూడా గుడ్డలో కట్టి సిద్ధం చేసినాడు. ఎందుకయ్యా అంటే, "చేతులూపుకుంటూ పోతే బాగుండదు" అన్నాడు. అరటిపళ్ళు చాలు కదా అంటే వినలేదు.


బెంగళూరు
25-7-1988

చెల్లెమ్మ పంచవర్ణమ్మకు ఆంజనప్ప చేతులెత్తి నమస్కారం.

శనివారం నేను మీ ఇంట్లో ఎందుకట్లా ప్రవర్తించినానో మీకు అర్థమై ఉండదు. రెండు గ్లాసుల మజ్జిగ తాగి, గోడలు చూసి, పెట్టె బిగించి, సెలవు కూడా సరిగా చెప్పకుండా బస్సెక్కినాను. పిచ్చివాడని అనుకుని ఉంటారు. జరిగింది మొదటినుంచి చెబుతాను.

తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరమట. మీరు గోడలు అని రాసినారు. చిన్నతంబి కోడలు అని చదివినాడు. నేను కోడళ్ళు అని చెప్పినాను. మీరు గోడళ్ళు అని చదువుకున్నారు. ఇప్పుడు మీ ఉత్తరాలు మళ్ళీ ఒకసారి చదువుకోండి చెల్లెమ్మా, నలుగురు ఆడపిల్లలకు సున్నం, మేకులు, గోనెసంచులు. నేను నెలరోజులు అన్నం సరిగా తినలేదు.

మీరు వంటింట్లో ఉన్నారు కాబట్టి వాకిట్లో జరిగింది మీకు తెలియదు. మీ అత్త తలుపు దగ్గర కూర్చుని ఉంది.

"అమ్మా, కోడళ్ళు ఎక్కడ?" అన్నాను.

"వంటింట్లో ఉంది."

"ఒక్కరేనా?"

"ఎందరు కావాల?"

"నలుగురు ఉండాలి. చూసిపోదామని బెంగళూరు నుంచి వచ్చినాను."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నాకు ఒక్కడే కొడుకు. తక్కిన ముగ్గురు ఏ ఊర్లో ఉన్నారో నీకు తెలుసా నాయనా? కూర్చో. వాడు సాయంత్రం వస్తాడు. నువ్వు చెప్పు, నేను అడుగుతాను."

నా భార్య అప్పుడే నా చొక్కా పట్టి లాగింది. లోపలికి చూస్తే నాలుగు గోడలూ పట్టుచీరలు కట్టుకుని నిలబడి ఉన్నాయి. "ఏమండీ, గోడలు" అన్నది. ఆ ఒక్క మాటతో నాకు అంతా అర్థమైంది.

మీరు వచ్చి మర్యాదగా కూర్చోమన్నారు. చోటు లేదని నన్ను దేవుడి గూటి పక్కన, చివరి చాప మీద కూర్చోబెట్టినారు. నా భార్యకు బీరువా పక్కన చోటు ఇచ్చినారు. సినిమా మొదలైంది. హీరో టీవీలో నోరు తెరిచినాడు, మాట నా కుడి భుజం దగ్గర దేవుడి గూట్లోంచి వచ్చింది. ఉలిక్కిపడి తిరిగి చూసినాను. అటు చూస్తే నా భార్య బీరువా తలుపు తెరిచి చూస్తోంది.

ముప్పై ఏళ్ళుగా అంగడిలో నా కుర్చీ రెండు పెట్టెలకు సరిగ్గా నడిమిలో ఉంది. అక్కడ కూర్చునే విన్నాను, అక్కడ కూర్చునే చెప్పినాను. పక్కన కూర్చున్నవాళ్ళకు ఏం వినబడుతుందో ఒక్కసారి కూడా లేచి వినలేదు. మీ చివరి చాప మీద గంటన్నర కూర్చున్నాక తెలిసింది. విరామంలో చిన్నతంబి కట్టిచ్చిన పెట్టె విప్పి టీవీ కింద బిగించినాను. తర్వాత హీరో తన నోటితోనే మాట్లాడినాడు.

నడిమి పెట్టె కావాలి. మీరన్నదే సరి. ఈ మాట శనివారం అందరి ఎదుటా చెప్పవలసింది, నోరు రాక వచ్చేసినాను. కాబట్టి ఆ మాట మీకు బాకీ ఉన్నాను. పెట్టెకు మాత్రం ఏమీ ఇవ్వొద్దు, అది చెల్లెలి ఇంటికి తెచ్చింది.

ఇట్లు,
ఆంజనప్ప

తా.క. చిన్నతంబిని ఏమీ అనుకోకండి. పాపం, తెలుగు రానివాడు, అక్షరం ఎట్లా కనబడితే అట్లా చదివినాడు.

ఇంకొక తా.క. ఆ ముగ్గురి సంగతి మీ అత్త మీ ఆయనను అడిగిందా?


ధర్మపురి
4-8-1988, గురువారం

ఈరోజు పనులు: బట్టలు నానబెట్టడం, చీరలు నాలుగూ శాశ్వతంగా ట్రంకు పెట్టెలోకి, వేపాకు విప్పడం, కండక్టరు రంగరాజుకు టిఫిన్ పెట్టి ఈ ఉత్తరం రాయించడం.

ఆంజనప్ప అన్నకు చెల్లెలు పంచవర్ణం నమస్కారం.

ఈ ఉత్తరం మీరే చదువుకోవచ్చు. మా వీధి రంగరాజు హోసూరు బస్సులో కండక్టరు, ఆయనకు కన్నడ అక్షరాలు వచ్చు. నేను చెబుతున్నాను, ఆయన రాస్తున్నాడు. కన్నడంలో క వేరు, గ వేరు అని చెప్పినాడు. ఇందులో చెప్పేది చిన్నతంబి అన్నచేత చదివించేది కాదు, అందుకే ఈ ఏర్పాటు.

మీరు పోయిన ఉత్తరంలో విడమరిచి చెప్పిందంతా నాకు అప్పటికి వారం ముందే తెలుసు. కోపంతో మీరు వస్తున్నానని రాసిన ఉత్తరం ఉంది కదా, దాని కవరులో ఇంకొక చిన్న కాగితం ఉంది. అది కూడా తమిళ అక్షరాల్లో తెలుగే. దాన్ని ఉన్నది ఉన్నట్టు కింద రాయిస్తున్నాను.

"అమ్మా, నేను పుట్టింది మారండహళ్ళిలో. మా ఇంట్లో తెలుగే. పనికి చేరేటప్పుడు ఆయన నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. తమిళ పేరు చూసి తమిళుడని అనుకున్నాడు. మీరు రాసింది గోడలని మొదటి వరసలోనే తెలిసింది. పక్కన కూర్చునేవాళ్ళకు నడిమి పెట్టె కావాలని పదకొండేళ్ళుగా ఆయనకు చెబుతున్నాను. వినడు. ఆ కుర్చీలోంచి ఆయన లేచేది రెండింటికే. ఒకటి భోజనానికి. రెండోది ఎక్కడైనా ఆడపిల్ల కష్టపడుతోందని వింటే. భోజనంతో మన పని జరగదు. అందుకని ఆ అక్షరాన్ని కో అనే చదివినాను. తమిళంలో అదీ తప్పు కాదు. శనివారం ఆయన వస్తాడు. పెట్టె నేను కట్టి ఇస్తాను. ఆయనను పక్కన కూర్చోబెట్టే పని మీది. ఆడి పండగ దాటేదాకా చెప్పకండి."

ఇది చదివి నేను నవ్విన నవ్వుకు పొయ్యిమీది అన్నం పొంగిపోయింది. తర్వాత నా ఉత్తరాలను మీ చెవితో తలచుకుని ఇంకొకసారి నవ్వినాను. చివరికి మీరు అన్నం తినలేదని తెలిసినప్పుడు మాత్రం నవ్వలేదు.

శనివారం మిమ్మల్ని దేవుడి గూటి పక్కన కూర్చోబెట్టింది చోటు లేక కాదు, అన్నా. నడిమి చాప మీద రెండు చోట్లు ఖాళీగానే ఉన్నాయి. వాటిమీద చింతపండు తట్టలు పెట్టింది నేనే.

చిన్నతంబి అన్నను కోప్పడకండి. ఆయన ఒక్క అబద్ధమూ చదవలేదు. పదకొండేళ్ళు ఒకే మాట చెబుతూ, వినకపోయినా మీ దగ్గరే ఉన్నాడు. పైగా ఆయన చదివిన తప్పువల్ల మా ఉత్తరం గోడ ఏడుపు ఆగింది. రేపటినుంచి మీ కుర్చీని నెలకు ఒక రోజు పక్కకు జరిపి, నడిమిలో ఆయనను కూర్చోబెట్టండి.

ఆడి పద్దెనిమిది సంగతి. మొన్న పూజ అయ్యాక మా హాలులోనే అందరూ కూడినారు. సినిమా పెట్టి, కళ్ళు మూయించి, వేళ్ళు చూపమన్నాను. బీరువా వైపు ఒక్కరూ లేరు. దేవుడి గూటి వైపు ఒక్కరూ లేరు. పద్దెనిమిది వేళ్ళూ టీవీ వైపే. శివగామి వేలు కూడా. ఆమె కళ్ళు తెరిచి వెంటనే చెయ్యి కొంగులో దాచుకుంది, కానీ నేను అప్పటికే రాసుకున్నాను. "పెట్టె నల్లగా ఉంది, టీవీకి అందం పోయింది" అని మాత్రం అన్నది. సినిమా మా ఇంట్లోనే అని తేలింది. ఆ పది మందీ వచ్చే శనివారం వస్తారు. వాళ్ళ మూడు గంటలు వాళ్ళకు మిగిలినాయి.

ఇట్లు,
మీ చెల్లెలు పంచవర్ణం

తా.క. అత్త అడిగింది. మా ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అడిగింది. లేరని ఆయన ఎంత గట్టిగా చెప్పినా, కుడి చెవిలో చెబుతున్నాడని ఆయనకు తోచలేదు. ఇప్పుడు ఆ ముగ్గురిలో ఒకామెది పెన్నాగరం అని మా అత్త తనంతట తానే తేల్చింది. పేరు కోసం విచారిస్తోంది.

ఇంకొక తా.క. మీ పోయిన ఉత్తరంలో "నడిమి పెట్టె కావాలి, మీరన్నదే సరి" అన్న రెండు వాక్యాలను మొన్న పద్దెనిమిది మంది ఎదుటా నిలబడి చదివినాను. శివగామి అడిగితే రెండోసారి కూడా చదివినాను. నా పుస్తకంలో ఇట్లా ఎక్కించుకున్నాను: ఆంజనప్ప అన్న నుంచి రావలసిన మాట ఒకటి. 2-8-1988న అందరి ఎదుటా ముట్టింది. బాకీ తీరింది.